ఇరవై కాదండీ, అరవై!

ఎడిటర్ గారికి నమస్కారం.

కాల్ డ్రాప్స్ మీద మీ పేపర్లో వచ్చిన వార్త చదివాను. టవర్లు చాలట్లేదు, మాట మధ్యలో కట్ అవుతోంది అని రాశారు, నిజమే, కాదన్ను. కానీ కట్ అవ్వని కాల్స్ సంగతి ఎవరూ రాయట్లేదండీ. కట్ అయితే కనీసం కట్ అయిందని తెలుస్తుంది, తిట్టుకుంటూ మళ్ళీ చేస్తాం. సిగ్నల్ ఫుల్లుగా ఉండి, అవతలి మనిషి గొంతు వినపడుతూనే ఉండి, మాట మాత్రం ఇంకోలా చేరితే దాన్నేమంటారు? దానికి పేరు లేదు, అందుకే లెక్క కూడా లేదు. నేను టెలిఫోన్ల శాఖలో ముప్పై ఏళ్ళ పైన చేసి రిటైర్ అయినవాణ్ణి, అందులో ఎక్కువ భాగం ట్రాన్స్‌మిషన్ సైడే, అందుకని కొంచెం ధైర్యంగా రాస్తున్నా. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి, ఏమీ అనుకోను.

మా బావమరిది మిర్చి వేస్తాడు. మొన్న సీజన్ అయ్యాక సరుకు గుంటూరు కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టాడు. ఓ రోజు రేటు కాస్త బాగుందని తెలిసి, పొలం గట్టు మీద నుంచే, పక్కన ట్రాక్టర్ ఇంజన్ కొట్టుకుంటూ ఉండగా, కమీషన్ కొట్టు గుమాస్తాకి ఫోన్ చేసి రేపు పొద్దున్నే అరవై టిక్కీలు (మిర్చి బస్తాలు) తీయించి పెట్టు అన్నాడు. గుమాస్తా సరే సరే అన్నాడు. పొద్దున వెళ్తే ఇరవై టిక్కీలే ఉన్నాయి. మిగతావి తీయించేలోపు కొనేవాడు వేరే సరుకు చూసుకుని వెళ్ళిపోయాడు, ఆ మర్నాడు రేటు తగ్గింది. ఇంక గొడవ చూడాలి! నువ్వు ఇరవై అన్నావని అతను, నేను అరవై అన్నానని వీడు, ఒకళ్ళ మీద ఒకళ్ళు. ఇద్దరూ అబద్ధాలాడే మనుషులు కాదు. నేను ఆ గొడవలో ఉండి ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను, ఒరేయ్ నువ్వన్నది అరవయ్యే, అతను విన్నదీ ఇరవయ్యే, మధ్యలో ఒకటి ఉంది దాన్నెవరూ అడగట్లేదు అని. వాళ్ళకి అర్థం కాలేదు, అర్థం కాలేదని వాళ్ళ మొహాలు చూస్తేనే తెలిసింది.

ఆ మధ్యలో ఉన్నదేంటో చెప్తా. పాత ల్యాండ్‌లైన్ డిజిటల్ ఎక్స్ఛేంజీలో మన గొంతుని సెకనుకి 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 8 బిట్లలో, అంటే ఎనిమిది సున్నా-ఒకట్లలో, రాసి పంపేవాళ్ళు, అంటే సెకనుకి 64 వేల బిట్లు. దీన్నే జీ.711 అంటారు, 1972 నాటి స్టాండర్డ్. ఇందులో కూడా గొంతు మొత్తం పోదు, 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యలో ఉన్నదే పోతుంది, అందుకే ఫోన్లో ఎస్ అన్నా ఎఫ్ అన్నా ఒకలాగే ఉంటుంది, స అనే శబ్దంలో అసలు పదునంతా ఆ 3400కి పైన ఉంటుంది కదా. బండి నంబరు చెప్పేటప్పుడు ఎస్ ఫర్ శ్రీకాకుళం అని అరవడం అక్కడినుంచే వచ్చింది. అది పాత రోగం, దానికి మనం అలవాటు పడిపోయాం.

మా రోజుల్లో ఎక్స్ఛేంజీల మధ్య ఉండే టూ ఎంబీ స్ట్రీమ్ అనే లైన్ మీద ఒకేసారి ముప్పై కాల్సే పట్టేవి. ముప్పై ఒకటో మనిషి ఫోన్ ఎత్తితే అన్ని లైన్లూ బిజీగా ఉన్నాయి అనే ఆవిడ గొంతు వినాల్సిందే. కొత్త లైన్ వేయాలంటే డబ్బు, శాటిలైట్ అయితే ఇంకా డబ్బు, అందుకని బిట్లు తగ్గించే దారులు వెతికారు. ముందు ఏడీపీసీఎం అని 32 వేలకి దించారు, 1984 ప్రాంతంలో, అది పర్వాలేదు, వింటే తేడా పెద్దగా తెలీదు. ఆ తర్వాత వచ్చినవే అసలు మాయ. జీఎస్ఎం మొబైల్ ఫుల్ రేట్ అంటే 13 వేలు, హాఫ్ రేట్ అంటే 5600, ఇంటర్నెట్ మీద తిరిగే ఫోన్ లైన్లలో బాగా వాడిన జీ.729 అయితే 8 వేలు. 64 వేలు ఎక్కడ, 8 వేలు ఎక్కడ?

చాలామంది కంప్రెషన్ అంటే జిన్నింగ్ మిల్లులో పత్తిని ప్రెస్ కొట్టి బేలు కట్టినట్టు అనుకుంటారు, అక్కడ విప్పితే మళ్ళీ అదే పత్తి వస్తుందని. కాదండీ. గొంతుని ఇలా బిట్లుగా కుదించి అవతల విప్పే ఏర్పాట్లని కోడెక్‌లు అంటారు, ఈ తర్వాత వచ్చిన కోడెక్‌లు గొంతుని పంపవు. చొక్కా పంపకుండా దాని కొలతలు రాసి పంపితే అవతలి ఊళ్ళో టైలర్ ఆ కొలతలకి ఇంకో చొక్కా కుడతాడు చూడండి, అలాగ. గొంతులోంచి వచ్చే గాలి ఎలా ఉంది, నోటి ఆకారం ఎలా ఉంది, స్వరం ఎంత ఎత్తులో ఉంది, ఇవి 10 మిల్లీసెకన్లకో 20 మిల్లీసెకన్లకో ఓసారి కొలిచి అంకెలు పంపుతాయి, అవతల మెషీన్ ఆ అంకెలతో ఒక గొంతు తయారుచేస్తుంది. మీరు ఫోన్లో వినేది మీ ఆవిడ గొంతు కాదు, మీ ఆవిడ కొలతలకి కుట్టిన గొంతు. బాగా కుడితే తేడా తెలీదు, నేనే చాలాసార్లు మోసపోయాను, ఆ ఇంజనీర్ల తెలివికి దణ్ణం పెట్టాలి.

అయితే ఆ టైలర్‌కి మనిషి చొక్కా కుట్టడమే వచ్చు. మనిషి పక్కన ట్రాక్టర్ నిలబడితే దాన్నీ మనిషే అనుకుని కొలతలు తీస్తాడు, రెండూ కలిపి ఒకే చొక్కా కుట్టేస్తాడు. అందుకే పెళ్ళి పందిట్లోంచి ఎవరైనా ఫోన్ చేస్తే సన్నాయి నీళ్ళలో మునిగినట్టు, డోలు ఎవరో డబ్బా తన్నినట్టు వినిపిస్తాయి. కాలర్ ట్యూన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, అసలు పాట ఎంత బాగున్నా వెంకటేశ్వర సుప్రభాతం కూడా గరగరమంటుంది.

ఇంకోటి ఉంది, మాట లేనప్పుడు బిట్లు పంపడం దండగ అని ఒక ఏర్పాటు పెట్టారు. మనిషి మాట్లాడుతున్నాడా లేదా అని మెషీన్ కనిపెడుతూ ఉంటుంది, మాట్లాడట్లేదు అనిపిస్తే పంపడం ఆపేస్తుంది. సెల్‌ఫోన్లో దీనివల్ల బ్యాటరీ కూడా మిగులుతుంది, ఇతరుల కాల్స్‌కి అడ్డు కూడా తగ్గుతుంది, మంచిదే. అవతల మరీ నిశ్శబ్దంగా ఉంటే లైన్ కట్ అయిందనుకుంటారని ఉత్తుత్తి శూ శబ్దం ఒకటి అక్కడే తయారుచేసి వినిపిస్తారు. చిక్కంతా ఎక్కడంటే, మళ్ళీ మాట మొదలైందని మెషీన్ గుర్తుపట్టేలోపు మొదటి అక్షరం పోతుంది, చుట్టూ గోల ఉంటే ఇంకా ఎక్కువ పోతుంది. మన తెలుగు అంకెలు చూడండి, తేడా అంతా తల దగ్గరే ఉంది. ఇరవై, అరవై. ఏడు, మూడు. ఎనభై, యాభై. తల తెగితే మిగిలేది రవై, డు, భై. మా బావమరిది అరవైలో అ ట్రాక్టర్ మోతలో కలిసిపోయి, గుమాస్తా చెవికి రవై చేరి, ఆ రవైకి అతనే ముందు ఇ తగిలించుకుని ఉంటాడని నా అనుమానం, రుజువు చెయ్యలేను. మా జిల్లాలో పెదకాకాని ఉంది, చినకాకాని ఉంది. 108కి ఫోన్ చేసి కంగారులో ఊరి పేరు చెప్పేవాడి మొదటి రెండక్షరాలు పోతే అంబులెన్స్ ఎటు వెళ్ళాలి?

మనం ఫోన్లో ఊఁ కొడతాం. అవతలివాళ్ళు చెప్తుంటే ఊఁ, ఊఁ అనకపోతే వినట్లేదనుకుంటారు, ముఖ్యంగా పెద్దవాళ్ళు. ఆ ఊఁ లో బలమంతా కింది స్వరంలో ఉంటుంది, 300 చుట్టుపక్కల, అదీ నోరు మూసుకుని మెల్లగా అంటాం, కాబట్టి దాన్ని మాట కింద లెక్కేసుకోకుండా మెషీన్ చాలాసార్లు మింగేస్తుంది. మా అమ్మకి ఎనభై నాలుగేళ్ళు. నేను ఇక్కడ ఊఁ కొడుతూనే ఉంటాను, ఆవిడ అటునుంచి ఉన్నావా, వింటున్నావా, పెట్టేశావా అని మూడుసార్లు అడుగుతుంది. ఇంకా ప్రమాదం ఏంటంటే ఊఁ అంటే అవును, ఊఁహూఁ అంటే కాదు. వెనక సగం పోతే కాదు కాస్తా అవును అయిపోతుంది! మందు వేసుకున్నావా అమ్మా అంటే ఊఁ అని వినపడింది, తీరా ఇంటికెళ్ళి చూస్తే మాత్ర డబ్బాలోనే ఉంది. అది ఫోన్ తప్పో ఆవిడ తప్పో నాకిప్పటికీ తెలీదు, ఆవిడైతే ఫోన్ మీదికే తోసేసింది.

ఇప్పుడు నా అసలు పాయింటుకి వస్తా. ఒక్కసారి కంప్రెస్ చేస్తే నాకు అభ్యంతరం లేదు. అది లేకపోతే సెల్‌ఫోన్ అందరి చేతిలోకీ వచ్చేదే కాదు, 1995 జులై 31న కలకత్తా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు గారు ఢిల్లీలో టెలికాం మంత్రి సుఖ్‌రామ్ గారితో దేశంలో మొదటిసారి మొబైల్లో మాట్లాడిన రోజున నిమిషానికి ఎంత అయ్యేదో ఇప్పటి పిల్లలకి చెప్తే నవ్వుతారు. నా గొడవ అంతా మళ్ళీ మళ్ళీ కంప్రెస్ చెయ్యడం మీద. మీ ఫోన్ గొంతుని ఏఎంఆర్ అనే మొబైల్ కోడెక్‌లో కుదిస్తుంది. ఒక కంపెనీ నెట్‌వర్క్ నుంచి ఇంకో కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్ళే చోట పాత పద్ధతి జాయింటు ఉంటే దాన్ని విప్పి 64 వేలు చేస్తారు, అవతలివాళ్ళు మళ్ళీ కుదిస్తారు. మధ్యలో కాల్ సెంటరో ఇంటర్నెట్ లైనో ఉంటే ఇంకోసారి జీ.729. మీరు కార్లో బ్లూటూత్‌లో మాట్లాడితే ఆ రెండడుగుల దూరానికి కూడా ఒక కోడెక్ ఉంటుంది, అది ఎవరికీ గుర్తు రాదు. అంటే మొదటి టైలర్ కుట్టిన చొక్కాకి రెండో టైలర్ కొలతలు తీశాడు, దానికి మూడోవాడు. ఒక్కోసారీ భుజం అంగుళం జారుతుంది. విన్నవాళ్ళ చేత 1 నుంచి 5 వరకు మార్కులు వేయించే పద్ధతి ఒకటుంది, అందులో జీ.729కి ఒక్కసారి వాడితే 3.92, రెండుసార్లు వాడితే 3.27, మూడుసార్లయితే 2.68 అని నెట్‌వర్క్ సామాన్లు చేసే సిస్కో వాళ్ళు వేసిన పట్టిక మా ట్రైనింగ్‌లో చూపించేవాళ్ళు. విప్పకుండా ఆ కొలతల్నే అవతలి ఫోన్ దాకా నేరుగా చేరవేసే పద్ధతులు జీఎస్ఎం రోజుల నుంచీ ఉన్నాయి. రెండువైపులా ఒకే కోడెక్‌కి ఒప్పుకోవాలి, అంతే.

అందుకే ఒకే కంపెనీ వోల్టీ (4జీ మీదే మాట పంపే) ఫోన్ల మధ్య మాట పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది, అక్కడ 50 నుంచి 7000 హెర్ట్జ్ దాకా పోతుంది, విప్పి కట్టడం లేదు. అదే ఫోన్ నుంచి ల్యాండ్‌లైన్‌కో కస్టమర్ కేర్‌కో చెయ్యండి, బావిలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. వాట్సాప్ కాల్ ఇంత క్లియర్‌గా ఎందుకుంది అని మా కాలనీలో అందరూ అడుగుతారు. అది రెండు చివర్లా తాళం వేసి పంపేది, దారిలో ఎవరూ విప్పలేరు, విప్పలేరు కాబట్టి మళ్ళీ కుట్టలేరు కూడా.

మా అబ్బాయి అమెరికా వెళ్ళిన కొత్తలో ఐదు డాలర్ల కాలింగ్ కార్డులు ఉండేవి, అమెరికాలో పిల్లలున్న ప్రతి తెలుగింటికీ గుర్తుండే ఉంటాయి. నిమిషాలు ఎక్కువ వచ్చే కార్డు కొనేవాడు, మాటని ఇంకా నొక్కితేనే ఎక్కువ నిమిషాలు వస్తాయని నాకు తెలుసు కాబట్టి నేను వద్దనేవాణ్ణి. మా అమ్మ వాడి గొంతు విని వీడికి జలుబు చేసింది, తలకి పోసుకుని ఆరబెట్టుకోవట్లేదు అని వారం వారం బెంగ పెట్టుకునేది. దానికి తోడు ఆలస్యం. కోడెక్ ఏదైనా ముందు కొంత మాట పోగుచేసుకుంటే గాని కొలవలేదు, జీ.729కి 10 మిల్లీసెకన్లు ప్లస్ ముందుచూపు ఇంకో 5, జీ.723.1 అనేదానికి మొత్తం 37.5, ఆపైన మాటని ముక్కలుగా మోసుకొచ్చే ప్యాకెట్లు వరసగా రావడానికి అవతల ఆపి ఉంచే సమయం, ఇంతలో సముద్రం దాటాలి. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లు దాటితే మాటల్లో ఇబ్బంది తెలుస్తుందని అంతర్జాతీయ లెక్క. దాటితే ఏమవుతుందో మనకి తెలుసు, ఇద్దరూ ఒకేసారి చెప్పు అంటారు, ఇద్దరూ ఆగుతారు, మళ్ళీ ఇద్దరూ ఒకేసారి నువ్వే చెప్పు అంటారు. కార్డులో సగం డబ్బులు ఈ మర్యాదకే పోయేవి.

ఆలస్యం పెరిగితే ఎకో కూడా బయటపడుతుంది. ల్యాండ్‌లైన్ రెండు తీగలు నాలుగు తీగలయ్యే చోట కొంత మాట వెనక్కి తిరుగుతుంది, అది ఎప్పుడూ ఉండేదే, వెంటనే తిరిగొస్తే మన గొంతులో కలిసిపోయి తెలీదు, ఆలస్యంగా వస్తే మన మాట మనకే ఎగతాళి చేసినట్టు వినిపిస్తుంది. దాన్ని కొట్టేసే మెషీన్లు ఉన్నాయి, కానీ ఆ మెషీన్‌కీ ఎకో పుట్టే చోటుకీ మధ్య కోడెక్ ఉంటే, వెళ్ళిన గొంతు వేరు తిరిగొచ్చిన గొంతు వేరు, అది పాపం దేన్ని దేంట్లోంచి తీసెయ్యాలో తెలీక తికమకపడుతుంది. ఈ ఒక్క కంప్లయింటు మీద మేం రాత్రిళ్ళు ఎన్ని టీలు తాగామో లెక్కలేదు.

ఇంత చేసి మిగిల్చేది ఎంతంటే నవ్వొస్తుంది. ఇంటర్నెట్ లైన్ మీద జీ.729తో 20 మిల్లీసెకన్ల మాట 20 బైట్లు (బైటు అంటే 8 బిట్లు), దాని మీద అంటించే అడ్రస్ చీటీలు 40 బైట్లు. ఉత్తరం కంటే కవరు రెట్టింపు బరువు! 8 వేలు అనుకున్నది 24 వేలవుతుంది. ఇప్పుడు మన ఫోన్లో ఒక చిన్న వీడియో తిప్పితే అయ్యే డేటాలో ఎన్ని గంటల మాటలు పడతాయో లెక్కేసుకోండి. ఒకప్పుడు తీగకి కరువు, కుదించారు, అర్థముంది. ఇప్పుడు ఫైబర్ ఊరూరా పాకాక కూడా చౌక రూటు కోసం మాటనే నొక్కుతున్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. పైగా ప్యాకెట్ ఒకటి పోతే జీ.711లో చిన్న టక్ మంటుంది, అంతే. ఈ కుదించిన వాటిలో ముందు కొలతని బట్టి తర్వాత కొలత ఉంటుంది కాబట్టి ఒకటి పోతే వెనకున్న నాలుగూ వంకరవుతాయి, రోబో గొంతు అని పిల్లలు నవ్వేది అదే.

బ్యాంకు గొడవ ఒకటి చెప్పి ఆపేస్తా, పేరు రాయను. ఫోన్ చేస్తే రికార్డు గొంతు ఖాతా నంబర్ నొక్కమంటుంది, నొక్కుతాను, మీరు నొక్కిన నంబర్ సరైనది కాదు అంటుంది. మూడుసార్లు. నాలుగోసారి అద్దాలు మార్చుకుని నొక్కాను, అదే మాట. ఆ బటన్ శబ్దం రెండు స్వరాలు ఒకేసారి మోగడం, మనిషి గొంతు కాదు, మన టైలర్ దాన్నీ కొలిచి ఏదో కుట్టి పంపిస్తాడు, అవతలి మెషీన్ దాన్ని గుర్తుపట్టదు. నంబర్ని శబ్దంగా కాకుండా ఫలానా బటన్ నొక్కారు అని విడిగా చీటీ రాసి పంపే పద్ధతి 2000 సంవత్సరంలోనే వచ్చింది. అది సరిగా పెట్టుకోకపోతే చీటీ ఒకటి, శబ్దం ఒకటి రెండూ చేరి ఒక్కసారి నొక్కిన 5 రెండు 5లు అవుతుంది. ఫ్యాక్స్ సంగతి చెప్పను, అది ఎలాగూ పోయింది, పోయేముందు మా ఆడిటర్ గారి ఆఫీసులో సగం పేజీ నల్ల చారలతో బాధపడి పోయింది.

టెలికాం కంపెనీల మీద నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ళు కాల్ డ్రాప్ 2 శాతం దాటకూడదని పెట్టారు, మంచిది. 2009 నిబంధనల్లో నూటికి 95 కనెక్షన్లు మంచి వాయిస్ క్వాలిటీతో ఉండాలని కూడా రాశారు. కానీ సిగ్నల్ కొలుస్తూ రోడ్ల మీద తిరిగే డ్రైవ్ టెస్ట్ బండి చూసేది ఎక్కువగా టవర్‌కీ ఫోన్‌కీ మధ్య రేడియోలో తప్పులు ఎన్ని అనేది. మాట మూడుచోట్ల విప్పి కట్టబడి అవతలి చెవికి ఎలా చేరిందో ఆ బండిలో తెలీదు. మీ విలేకరులు ఈసారి టెలికాం వాళ్ళని కలిసినప్పుడు టవర్లెన్ని అని కాకుండా, మీ కాల్ పక్క కంపెనీకి వెళ్ళేటప్పుడు విప్పుతున్నారా లేదా, హెల్ప్‌లైన్లకి వెళ్ళే లైన్లలో ఏ కోడెక్ పెట్టారు, మాట లేదని పంపడం ఆపేసే ఏర్పాటు అక్కడైనా తీసేశారా అని అడగండి. అంబులెన్స్, పోలీసు, బ్యాంకు మోసాల నంబర్లు, ఈ కాసిన్నిటికి పూర్తి 64 వేలు ఇస్తే దేశం ఏం మునిగిపోదు. జవాబు ఏం చెప్తారో అచ్చేస్తే చదవాలని ఉంది.

మా బావమరిది నా క్లాసు వినలేదు గానీ తన దారి తను చూసుకున్నాడు. ఇప్పుడు ఫోన్లో అరవై అనడు. ముందు గట్టిగా ఇదిగో విను అంటాడు, ఆ మొదటి ముక్క మెషీన్ మింగితే మింగనీ అని, తర్వాత మూడిరవైలు అంటాడు, మా అమ్మమ్మ పిడకలు లెక్కపెట్టినట్టు. గుమాస్తా అటునుంచి ఆరూ సున్నానా అంటాడు. ఊఁ అంటే మాత్రం ఒప్పుకోడు, అవును అనమంటాడు.

ఇట్లు
ఒక రిటైర్డ్ టెలిఫోన్ ఉద్యోగి,
గుంటూరు జిల్లా